నిమ్మచెట్టు మీద ఇద్దరు దర్జీలు

వేలాడే దారం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆబిడ్స్‌లో నాది ఆల్టరేషన్ దుకాణం. ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, నేను. ముప్ఫై ఏళ్లుగా పొడుగైనవి పొట్టి చేస్తున్నాను, బిగుతైనవి వదులు చేస్తున్నాను, చివర్న దారపు కొసలు కత్తిరించి గిరాకీ చేతికిస్తున్నాను. ఆ కత్తిరించే జబ్బు దుకాణంతో ఆగలేదు. జేబులో వేలెడంత కత్తెర ఎప్పుడూ ఉంటుంది. అఫ్జల్‌గంజ్ వెళ్లే బస్సులో ముందు నిలబడ్డ మనిషి కాలరు నుంచి పోగు వేలాడుతుంటే, ఆయనకు తెలియకుండా కత్తిరించి, ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూసిన రోజులున్నాయి. ఒకసారి మా ఆవిడ చిన్నాన్న కూతురి పెళ్లిలో అక్షింతలు వేయడానికి మండపం ఎక్కి, పెళ్లికొడుకు షేర్వానీ చేతి దగ్గర దారం కనబడేసరికి అక్షింతలు ఎడమచేతిలోకి మార్చుకుని కత్తెర తీశాను. అది వీడియోలో ఇప్పటికీ ఉంది. వాళ్ల వైపు చుట్టాలు ఆ చోట ఆపి మరీ చూస్తారట.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ జబ్బే పోయిన వానాకాలంలో మూడు ప్రాణాల మీదికి తెచ్చింది.

మేముండేది నాంపల్లిలో, స్టేషను వెనక గల్లీలో మూడో అంతస్తు. మా పైన ఇంక డాబానే. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మా వంటింట్లో నిలబడి చెప్పొచ్చు. ఉండేది నేనూ, మా ఆవిడా. వాళ్ల నాన్న సర్కారు కొలువు మీద బెజవాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమె పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అయినా మాట మాత్రం బెజవాడదే. నాది నాంపల్లి మాట. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఎవరి మాట వారి దగ్గరే భద్రంగా ఉంది.

నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము చిల్లిపడితే ఆమె దాన్ని సగానికి కోయించి, మట్టి నింపి, డాబా మీద నిమ్మమొక్క పెట్టింది. మూడేళ్లు గడిచాయి. ఒక్క కాయ లేదు. ఆకులు మాత్రం గుబురుగా వేసింది. మజ్జిగలోకి రెండు ఆకులు నలిపి వేసి, "మన చెట్టువేనండీ" అని ప్రతిసారీ చెప్పేది. చెప్పకపోతే నాకు తెలియదని ఆమె భయం.

ఆ చెట్టును మొదట కనిపెట్టింది సీతాకోకచిలుక. నల్లటి రెక్కల మీద మీగడ రంగు మచ్చలు, కింది రెక్కల చివర ఒక్కొక్క ఎర్ర బొట్టు. గులాబీ మీద ఒక్క క్షణం వాలింది, నచ్చలేదు. తులసి మీద వాలింది, నచ్చలేదు. నిమ్మాకు మీద వాలి ముందుకాళ్లతో టకటకా తట్టింది. నేను గిరాకీ తెచ్చిన బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాను చూడండి, అచ్చం అలాగే. ఆ తరువాత పొట్ట వంచి లేత ఆకుల అంచున ఒక్కొక్కటిగా గసగసాల గింజంత గుడ్లు అంటించి వెళ్లిపోయింది. తిరిగి చూడలేదు. దాని కాళ్లకు ఆకు రుచి తెలుస్తుందని తరువాత ఎవరో చెప్పారు. కాళ్లతో రుచి చూసి పిల్లలకు ఇల్లు వెతికే తల్లిని నేను అంతకుముందు ఎరగను.

గుడ్డులోంచి వచ్చిన పురుగు పిట్ట రెట్టలా ఉంది, నలుపూ తెలుపూ. మా ఆవిడ నిజంగా రెట్టే అనుకుని తడిగుడ్డతో తుడవబోయింది. అది కదిలింది. ఆమె అరిచిన అరుపుకు కింది అంతస్తు వాళ్లు పైకి వచ్చారు.

"తీసి అవతల పారేయండి. చెట్టంతా తినేస్తున్నాయి."

"ఉండనీయే జర. గీ చెట్టు నీకు కాయలు ఇయ్యకపాయె, వాటికన్న ఇయ్యనీ."

నేను వెనకేసుకు రావడానికి కారణం ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని ఒక సాయంత్రం దగ్గరగా కూర్చుని చూశాను. ఆ పురుగు ఊరికే నడవడం లేదు. తల అటూ ఇటూ ఊపుతూ, నోట్లోంచి కంటికి ఆననంత సన్నటి దారం తీస్తూ, ఆకు మీద కుట్టు తరువాత కుట్టుగా టాకాలు వేసుకుంటూ, ఆ టాకాలను కాళ్లతో పట్టుకుని ముందుకు పోతోంది. తన దారి తానే కుట్టుకుంటోంది. నేను అఫ్జల్‌గంజ్ పోయి రీళ్లు కొనుక్కొచ్చే మనిషిని. ఇదేమో రీలు కడుపులో పెట్టుకుని పుట్టింది.

పిట్ట రావడం ఆ తరువాత. గుప్పెట్లో సగం కూడా ఉండదు. తల మీద ఇటుకరంగు టోపీ, ఆకుపచ్చ వీపు, నిలువుగా ఎత్తిన తోక. గొంతు మాత్రం ఆ ఒంటిది కాదనిపిస్తుంది. "టువిట్ టువిట్" అని మొదలుపెడితే స్టేషను మైకు కూడా ఆగి వింటున్నట్టుండేది. దర్జీ పిట్ట అంటారు దాన్ని, మా ఆవిడ కుట్టుపిట్ట అంటుంది. అది మా డాబాకు ఎందుకొచ్చిందో ఆమే కనిపెట్టింది. రోజంతా దుకాణంలో కూర్చున్నవాణ్ని కదా, నా చొక్కాకు దారప్పోగులు అంటుకుని ఉంటాయి. సాయంత్రం నేను ఇంటికి రాగానే ఆమె ఆ చొక్కా తీసుకెళ్లి పిట్టగోడ దగ్గర దులుపుతుంది. పెళ్లయిన మొదటి వారం నుంచీ ఇదే వరస. ఆ దులిపిన పోగుల కోసం వచ్చింది పిట్ట.

నాలుగు రోజుల్లో మూడు నిమ్మాకులు దగ్గరికి లాగి కుట్టేసింది. బయటి నుంచి చూస్తే ఆకులే. లోపల దూది పరిచిన దొన్నె. ముక్కుతో ఆకు అంచున చిల్లు పొడవడం, పోగును అందులోంచి లాగడం, పక్క ఆకుకు పొడవడం. ఇదంతా మా ఆవిడ తలుపు సందులోంచి చూసి రోజూ నాకు రిపోర్టు ఇచ్చేది. మూడు గుడ్లు పెట్టిందన్న రోజు నుంచి డాబా మీద బట్టలు ఆరేయడం మానేసింది. ఆకులు కోయడం మానేసింది. నన్ను పైకి వెళ్లనిచ్చేది కాదు. పిల్లలు లేని ఇల్లు మాది. ఆ సంగతి మేము మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ మూడు గుడ్లు పిల్లలైన రోజు ఆమె దేవుడి దగ్గర రెండు దీపాలు ఎక్కువ పెట్టింది.

తగువు మాత్రం అక్కడే మొదలైంది. పిట్టలు పిల్లలకు తినిపిస్తున్నవి నా పురుగుల్ని.

"నీ పిట్టకు దారం నాది, చెట్టు నీది, తిండి నా పురుగులు. గాడ దానిదంటూ ఏమున్నదే?"

"ముక్కుందండీ. ఆ ముక్కుతో మీరు కుట్టండి చూద్దాం."

"నా పురుగు ఎవ్వల్నీ అడగదు. దారం దానిదే, పని దానిదే."

"పిట్ట పొదుగుతుంది, తినిపిస్తుంది, పిల్లల మీద ఎండ పడితే రెక్క అడ్డం పెడుతుంది. మీ సీతాకోక గుడ్డు పెట్టి చక్కా పోయింది. కన్నతల్లేనా అది?"

"తల్లి లేకుంటనే అన్ని నేర్చుకున్నది సూడు. గది గొప్ప."

ఇలా పోట్లాడుకుని చాలా ఏళ్లయింది. మాకు బాగానే ఉంది. డజను దాకా ఉండే పురుగులు రెండుకు వచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున ఆమె స్నానానికి వెళ్లిన సమయం చూసి, మిగిలిన ఆ రెండు ఉన్నాయో లేవో చూద్దామని పైకి వెళ్లాను. గూటికి ఎదురుగా వెళ్తే పిట్టలు బెదురుతాయని గోడ వైపు నుంచి, ఎప్పుడూ చూడని వైపు నుంచి వంగాను. అద్దాలు కింద మరచిపోయాను. ఆకుల మధ్య ఎర్ర దారం కొస ఒకటి వేలాడుతూ కనిపించింది. అంతకుముందు నాలుగైదు రోజులు ఎర్రచీరల ఫాల్‌లే కుట్టాను. నా చొక్కా నుంచే రాలి ఇక్కడ చిక్కుకుందనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను. చెయ్యి జేబులోకి వెళ్లింది, కత్తెర వచ్చింది, కొస పట్టుకుని లాగి, మొదలంటా కత్తిరించాను. అది గూటి టాకా, అది పోగానే పక్కవీ బరువుకు ఒక్కొక్కటే జారాయి.

ఆకులు నోరు తెరిచాయి.

దూది దొన్నె ఒక పక్కకు ఒరిగింది. అందులోంచి ఈకలు సరిగా రాని మూడు గులాబీ రంగు మెడలు బయటికి వచ్చాయి. తల్లే వచ్చిందనుకుని మూడూ నోళ్లు తెరిచాయి, నా వైపు. ఒకటి అంచుకు జారింది. కేబుల్ వైరు మీద నుంచి తల్లో తండ్రో అరవడం మొదలుపెట్టింది. నేను మా ఆవిణ్ని ఏమని పిలిచానో గుర్తులేదు. తడి జుట్టుతో మెట్లెక్కి వచ్చింది. నా చేతిలో కత్తెర చూసింది, ఎర్ర దారం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వంగి, గూడు కింద రెండు అరచేతులూ దోసిలిగా పెట్టింది.

"కుట్టండి" అంది.

కిందికి పరుగెత్తి సూది, దారం, అద్దాలు తెచ్చాను. మొదటి టాకా వేసి ముడి బిగించాను. దారం ఆకును కత్తిలా కోసుకుంటూ బయటికి వచ్చేసింది. రెండోదీ అంతే. ఇంకో రెండు తప్పు టాకాలు పడితే కుట్టడానికి ఆకే మిగలదు. ఆమె చేతుల్లో మూడు ప్రాణాలు ఉన్నాయి, వాటి మీద నాకు ఏ హక్కూ లేదు, జరిగిన తప్పు మాత్రం నాది.

అప్పుడు ఆగి, పిట్ట వేసిన టాకాల్లో ఇంకా తెగకుండా ఉన్నవాటిని చూశాను. ఒక్కదానికీ ముడి లేదు. ఒకదానితో ఒకటి కలిసీ లేవు. దేనికది వేరు. చిల్లులోంచి బయటికి లాగిన పోగు చివర దూదిలా విచ్చుకుని గుండీలా కూర్చుంది. ఆకే దాన్ని పట్టుకుని ఉంది. ఆ టాకా నాకు కొత్తది కాదు.

మా నాన్న నాంపల్లిలో రఫూ పని చేసేవాడు. చిరిగిన చోట, కాలిన చోట, అదే బట్ట లోపలి మడత నుంచి పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా అల్లే పని. పెళ్లీడు వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. "ముడి ఏస్తివంటె దారాన్ని నమ్మినట్టు. రఫూల బట్టను నమ్మాలె. బట్టనే పట్టుకుంటది" అనేవాడు. నా పని నచ్చకపోతే మొత్తం పీకేసేవాడు. నచ్చితే బాగుందని ఏనాడూ అనలేదు. సూది అడిగి తీసుకుని, నా చివరి టాకా పక్కన తనదొకటి వేసేవాడు. అదే శభాష్. రఫూ మానేసి మిషను కొంటానని చెప్పిన రోజు ఒక షేర్వానీ భుజం రఫూ చేసి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. పీకలేదు. సూదీ అడగలేదు. మడతపెట్టి పక్కన పెట్టాడు. ఆ తరువాత ఆయన పదకొండేళ్లు బతికాడు. నా పని మీద ఆయన టాకా మళ్లీ పడలేదు.

"దీపం వత్తులున్నయా?" అని అడిగాను.

"దేవుడి గూట్లో" అంది, చేతులు కదపకుండా.

తెల్లటి వత్తి విప్పి, పోగు తీసి, సన్న సూదితో ఆకుకు చిల్లు పొడిచి, ముడి లేకుండా లాగి, చివరను వేళ్లతో దూదిలా విప్పాను. నిలిచింది. ఇంకొకటి. ఏడు టాకాలు వేసేసరికి ఆకులు దగ్గరికొచ్చాయి, దొన్నె నిలబడింది. ఆమె చేతులు మెల్లగా కిందికి తీసింది. అరగంట అలాగే పట్టుకుని ఉన్నందుకు వేళ్లు ముడుచుకోలేదు.

తలుపు వెనక కూర్చున్నాం. మనిషి చెయ్యి పడ్డ గూటికి పిట్ట తిరిగి రాదని అందరూ అంటారు. పిట్ట వచ్చింది, డ్రమ్ము అంచు మీద వాలింది, వెళ్లిపోయింది. కిందింటి కుక్కర్ ఈల వేసింది. ఏదో రైలు ఆలస్యమని మైకు చెప్పింది. పిట్ట మళ్లీ వచ్చింది, గూటి చుట్టూ కొమ్మకొమ్మకూ గెంతింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు ముక్కున ఏదో ఉంది. తోక నిలబెట్టి ఒకసారి మా తలుపు వైపు చూసి లోపలికి దూరింది. గూట్లోంచి మూడు గొంతులు ఒక్కసారి లేచాయి.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిట్ట ముక్కున ఉన్నది నా పురుగుల్లో ఒకటి. బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆ పూట అది అడిగితే రెండోదాన్ని నా చేత్తోనే ఇచ్చేవాణ్ని.

అది అడగలేదు. మిగిలిన ఆ ఒక్క పురుగు మర్నాడు చెట్టు దిగి, గోడెక్కి, తలుపు చట్రం మీదికి వచ్చింది. దుకాణానికి ఆలస్యమైనా సరేనని నిలబడి చూశాను. తోక దగ్గర దారం గుత్తిగా పోసి అక్కడ కాళ్లు అతికించుకుంది. తల వెనక్కి వంచి, ఈ భుజం నుంచి ఆ భుజానికి, మళ్లీ ఈ భుజానికి, వీపు చుట్టూ దారం వేసుకుంది. ఎన్నిసార్లు వేసిందో లెక్క తప్పింది. ఆఖరికి ఆ దారానికి చేరగిలబడి కదలడం మానేసింది. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు నడుముకు మోకు కట్టుకుని వెనక్కి వాలినట్టు వాలింది. మర్నాటికి తోలు వదిలేసి తలుపు రంగులో కలిసిపోయింది.

అటు గూట్లో అరుపులు, ఆకళ్లు, తల్లి రాకపోకలు. ఇటు చట్రం మీద ఏ చప్పుడూ లేదు. పిట్ట దారం ఊరంతా ఏరుకొచ్చింది, పిల్లల కోసం కుట్టింది. పురుగు తన దారం తనే తీసింది, తనను తానే కట్టుకుంది. ఒకటి రెక్కలొచ్చేదాకా తల్లి నోటి ముద్ద తింటుంది. ఇంకొకటి తల్లి ముఖమే ఎరగదు, అయినా తల్లి వాలిన ఆకు మీదే ఏదో ఒకనాడు వాలుతుంది. నాకు నేర్పడానికి మా నాన్నకు పదేళ్లు పట్టింది, అదీ సగమే. వీటికి ఎవరు నేర్పారు? ఆ వారమంతా మిషను తొక్కుతూ ఇదే ఆలోచించాను. ఆలోచిస్తుంటేనే సంతోషంగా ఉండేది.

ఆ వారం దుకాణంలో పనంతా పసుపు రంగే. ఒక పెళ్లివారు హల్దీ కోసం కుర్తాలు తెచ్చి అన్నీ బిగించమన్నారు. ఆ ఏడాది నేను పసుపు రీలు ఎక్కించడం అదే మొదటిసారి. రోజూ చొక్కా నిండా పసుపు పోగులతో ఇంటికి వెళ్లేవాణ్ని. ఆమె రోజూ దులిపేది.

పిల్లలు ఎగిరిన రోజు ఇద్దరం చూశాం. తల్లి కేబుల్ వైరు మీద కూర్చుని, ముక్కున తిండి పట్టుకుని, ఇవ్వకుండా పిలిచింది. రెండు వెంటనే ఎగిరాయి. మూడోది డ్రమ్ము అంచు మీద చాలాసేపు తటపటాయించింది. "పో నాన్నా, పో" అని మా ఆవిడ తలుపు వెనక నుంచి గొణిగింది. పోయింది.

రెండు రోజులకు సీతాకోకచిలుక వచ్చింది. ముడతలు పడ్డ తడిబట్టలా బయటపడి, ఇస్త్రీ చేసే చెయ్యేదీ లేకుండానే సాపైంది. పిలిచేవాళ్లు లేరు, పొమ్మనేవాళ్లు లేరు. గంట సేపు వేలాడి స్టేషను కప్పుల మీదుగా వెళ్లిపోయింది. ఖాళీ గుల్ల చుట్టూ ఆ దారం తెగకుండా అలాగే ఉంది. మా ఆవిడ దగ్గరగా వచ్చి ఆ గుల్లను చాలాసేపు చూసింది. "ఇదీ తక్కువదేం కాదండీ" అంది. ఆమె నాతో ఒప్పుకోవడం అదొక్కసారే.

ఖాళీ గూటి ఆకులు ఎండాయి. తీసేద్దామని అద్దాలు పెట్టుకుని గోడ వైపు నుంచి వంగాను. నా ఏడు టాకాలు వరసగా ఉన్నాయి, తెల్లవి. లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టాను. ఏడో టాకా పక్కన ఇంకొకటి ఉంది. ముడి లేదు. చివర దూదిలా విచ్చుకుని ఉంది. పసుపు రంగుది.

నేను కుట్టిన ఆదివారం నాటికి ఆ పసుపు మా ఇంట్లో లేదు. పిట్టకు నా సంగతి, మా నాన్న సంగతి ఏం తెలుసు? ఆకు వదులైందనుకుని బిగించుకుని ఉంటుంది, అంతే. అది నాకూ తెలుసు. అయినా డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

"ఏమైందండీ?" అంటూ ఆమె వచ్చింది.

"ఏం లేదే. దారం వేలాడుతున్నది."

నిజంగానే ఆ పసుపు పోగు రెండో కొస ఒక అంగుళం కిందికి వేలాడుతోంది. ఆమె నా జేబు వైపు చూసింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

గూడు తీయలేదు. ఇప్పటికీ ఆ చెట్టుకే ఉంది. దారం అలాగే వేలాడుతోంది.